నిప్పు బయటికి కనపడవలెను

మా జిల్లాలో జీవనశైలి సంస్కరణ విభాగం ఏర్పడిన తొలి నెలలోనే ఒక పెద్ద సత్యం కనిపెట్టింది. క్యాన్సరు చాలావరకు మనిషి అలవాట్లను బట్టి వస్తుంది. అలవాట్లు మనుషుల దగ్గర ఉంటాయి. మనుషులు చెబితే వినరు. కాబట్టి ముందుగా ఫారాలు అచ్చు వేయించాలి.

అచ్చు వేయించారు. నలభై ఒక్క ప్రశ్నలు. ఏం తింటారు, ఎంత నడుస్తారు, ఎండలో ఎంతసేపు ఉంటారు, పొగ తాగుతారా, మందు తాగుతారా, ఆఖరికి నవ్వుతారా లేదా అని కూడా అడిగారు. ఆ ఫారాల కట్ట మోసుకుంటూ గుల్లపేట వెళ్లినవాణ్ణి నేనే. అక్కడి సబ్ సెంటరులో హెల్త్ అసిస్టెంటుని. ఊళ్లో నన్ను మలేరియా బాబు అంటారు. ఆ ఊళ్లో మలేరియా తగ్గి పదేళ్లయింది గానీ నా పేరు మాత్రం తగ్గలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు. ఈ కథలో జరిగిన తప్పులో సగం నాది. ఆ సంగతి ముందే చెప్పేస్తే తరవాత మీరు నన్ను తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

పదిహేడో ప్రశ్న పొగ గురించి. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక నిర్వచనం ఉంది. అంతకు ముందు ఏడు వేరే సర్వేలో పక్క మండలంలో ఎవరో ఉత్సాహవంతుడు, చెవి మీద ఆరిపోయిన బీడీ పెట్టుకున్నవాళ్లను కూడా పొగతాగేవాళ్లలో కలిపేశాడు. పైనించి చీవాట్లు వచ్చాయి. దాంతో విభాగాధికారి డాక్టరు విశ్వంభరరావు గారు మూడు రోజులు తలుపులేసుకుని స్వయంగా ఇలా రాశారు:

“పొగతాగువారనగా, చుట్ట, బీడీ లేక సిగరెట్టు యొక్క ఒక కొనను నోటియందుంచుకొని, వెలుగుచున్న రెండవ కొన సర్వేక్షకునకు గోచరించునట్లు పొగ పీల్చువారు. నిప్పు బయటికి కనపడవలెను. కనపడని యెడల నమోదు చేయరాదు.”

చదువుకున్న మనిషి రాసిన నిర్వచనం. ఎక్కడా వంక పెట్టడానికి లేదు, ఒక్క గుల్లపేటలో తప్ప.

గుల్లపేట సముద్రం ఒడ్డున చేపలవాళ్ల ఊరు. అక్కడి ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. అలా అయితే సముద్రపు గాలికి ఆరిపోదు, బూడిద చంటిపిల్లల మీద పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నోట్లో నిప్పు పెట్టుకునే బేరమాడతారు, పిల్లల్ని కేకలేస్తారు, వలలు బాగుచేస్తారు. పైగా నిప్పు బయటికి పెట్టి తాగడం మగవాళ్ల పద్ధతి. పరువైన ఆడది నలుగురిలో అలా తాగదు. ఈ పద్ధతికి అంగిలి మాడుతుందనీ, మాడిన అంగిట్లో క్యాన్సరు పుట్టే ప్రమాదం ఎక్కువనీ డాక్టర్లు చెబుతూనే ఉంటారు. మా విభాగం ఉన్నది అందుకే.

నేను మొదట కలిసింది కొర్లమ్మని. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తోంది. నోట్లో చుట్ట ఉంది. వ్యాయామం చేస్తావా అని అడిగాను.

“యాయామమా? అదేటి బావూ, నాకు తీరికెక్కడిది?” అంది.

రోజూ నెత్తిన చేపల గంప పెట్టుకుని ఎనిమిది కిలోమీటర్లు నడిచి టౌనులో వీధి వీధీ తిరిగి అమ్ముకొస్తుంది. ఫారంలో వ్యాయామం అనే గడి ఉంది గానీ గంప అనే గడి లేదు. లేదు అని టిక్కు పెట్టాను. తరవాత ఆమెకి రోజూ అరగంట నడవమని విభాగం నుంచి సలహా చీటీ కూడా వచ్చింది. కొర్లమ్మ దాన్ని చదివించుకుని, ఎనిమిది కిలోమీటర్లు పోయాక నడవాలా, పోకముందు నడవాలా అని అడిగింది. నేను పైకి రాసి కనుక్కుంటానన్నాను.

పదిహేడో ప్రశ్న దగ్గరికొచ్చాను. ఆమె ముక్కులోంచి పొగ వస్తోంది. నిర్వచనం మళ్లీ ఒకసారి చదువుకున్నాను. నిప్పు కోసం చూశాను. కనపడలేదు. కాదు అని టిక్కు పెట్టాను. నా మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది గానీ, ముల్లుకి ఫారంలో గడి లేదు.

ఆ నెల ఊళ్లో మగవాళ్లంతా గుజరాత్ వైపు వేటకి వలస పోయి ఉన్నారు. వాళ్ల గడిలో “ఇంట లేరు” అని రాశాను. ఉన్నవాళ్లు ఆడవాళ్లూ పిల్లలూనూ. మూడు రోజుల్లో సర్వే అయిపోయింది. పొగతాగేవాళ్లు సున్నా.

ఆ సున్నా జిల్లా ఆఫీసుకి చేరిన రోజు విశ్వంభరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఆయన చెడ్డవారేమీ కాదు. ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి చుట్టలు మానమని బతిమాలి, ఎవరూ మానక, విసిగి ఉన్న మనిషి. అలాంటివారికి ఒక్కసారిగా ఒక ఊరు ఊరంతా సున్నా అని కనపడితే కళ్ల నీళ్లు తిరగవూ? గుల్లపేటని పొగరహిత తీరగ్రామంగా ప్రకటించాలని వెంటనే పైకి రాశారు. ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఒక పచ్చ కార్డు వచ్చింది. “ఈ కార్డు గలవారికి పొగ వలన ప్రమాదము లేదు” అని దాని మీద అచ్చు. కొర్లమ్మ తన కార్డుని దేవుడి పటం వెనక జాగ్రత్తగా దోపుకుంది.

రెండు నెలలకి కొర్లమ్మ పులుసు తినడం మానేసింది. ఊళ్లోకెల్లా కారంగా చేపల పులుసు పెట్టే మనిషి, నోరు భగ్గుమంటోందని చప్పటి గంజి తాగుతోంది. టౌను వీధుల్లో “సేపలో” అని ఆమె కేక వేస్తే మూడు సందుల అవతలికి వినపడేది. ఇప్పుడు ఒక్క సందు దాటడం లేదట. మా ఏఎన్నెమ్ హేమసుందరి ఆమె నోరు తెరిపించి చూసి, నా దగ్గరికి వచ్చి కూర్చుంది. అంగిట్లో రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ ఉందంది. అది ఇప్పుడే పళ్ల డాక్టరు చూడాలి, ముదిరితే మన చేతుల్లో ఉండదంది.

పెద్దాసుపత్రికి పంపాం. అక్కడ అడ్డపొగ గురించి అడిగారో లేదో తెలియదు గానీ కార్డు మాత్రం అడిగారు. పచ్చగా ఉంది. ప్రమాదం లేని మనిషి కదా అని బి కాంప్లెక్సు మాత్రలిచ్చి పంపేశారు. అన్నిటికన్నా పెద్ద చిక్కేమిటంటే కొర్లమ్మే ఆ కార్డుని నమ్మింది. గవర్నమెంటోళ్లు అచ్చు గుద్ది మరీ ఏమీ కాదన్నాక ఇంక భయమెందుకని హేమసుందరికే ధైర్యం చెప్పింది.

నోటి పరీక్షలకి మా జిల్లాలో ఒక వ్యాను ఉంది. లోపల కుర్చీ, లైటు, పళ్ల డాక్టరమ్మ. పొగతాగేవాళ్లకి ఇచ్చేది ఎర్ర కార్డు. ఊరికి కనీసం అవి పది ఉంటేనే వ్యాను వస్తుంది. గుల్లపేటలో ఒక్కటీ లేదు. వ్యాను కోసం హేమసుందరి అర్జీ పెట్టింది. పొగ లేని ఊరికి వ్యాను పంపితే ప్రజల్లో లేనిపోని అపోహలు కలుగుతాయని జవాబు వచ్చింది. ఆమె ఊరుకునే మనిషి కాదు. అడ్డపొగ అంటే ఏమిటో బొమ్మ గీసి మరీ ఇంకో అర్జీ పెట్టింది.

ఆ బొమ్మ విభాగంలో సంచలనం రేపింది. వారం రోజులు తర్జనభర్జన పడి ఇలా నిర్ణయించారు: నిప్పు నోటి బయట ఉంటే పొగతాగుట. నోటి లోపలికి పోయిన పదార్థము ఏదైనను ఆహారము. కావున ఈ విషయము పౌష్టికాహార శాఖకు బదిలీ చేయడమైనది.

పౌష్టికాహార శాఖవారు అంతకన్నా పద్ధతైనవాళ్లు. సదరు నిప్పు శాకాహారమా మాంసాహారమా, భోజనమునకు ముందు తీసుకొందురా తరువాతనా తెలుపవలసిందని నన్ను అడిగారు. శాకాహారమే, భోజనానికి ముందూ తరువాతా కూడా, అని రాశాను. ఏం చెయ్యను, గడి ఖాళీగా వదలలేను. వాళ్లు దాన్ని అతి వేడి పదార్థంగా తేల్చి, వెలుగుతున్నది కనక అగ్నిమాపక శాఖ అభిప్రాయం కావాలన్నారు. టౌను నుంచి ఒకాయన ఎర్ర బండిలో వచ్చాడు. కొర్లమ్మ నోటి ముందు టేపు పెట్టి కొలిచి, రెండు వైపులా దారి ఉండాల్సిన చోట ఒక్కటే దారి ఉందనీ, అయినా మనిషి నోరు భవనం నిర్వచనంలోకి రాదు కనక తాము జోక్యం చేసుకోలేమనీ రాసిచ్చి, ఆమె ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

ఈ ఉత్తరాలు నడిచిన రెండు నెలల్లో మచ్చ అంచులు మందం కట్టాయి. హేమసుందరి ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకి తీసుకెళ్లింది. విశ్వంభరరావు గారు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టారు. అంతా విన్నారు. నిజంగానే బాధపడ్డారు.

“చూడమ్మా, ఒక వ్యక్తి నిమిత్తము ఒక గ్రామ స్థాయిని పునఃపరిశీలించుట విధానపరముగా సాధ్యము కాదు. నిర్వచనము నెరవేరిన నాడు నేనే స్వయముగా వాహనము పంపుదును. నా మాటగా రాసుకొనవచ్చును” అన్నారు.

నేను రాసుకున్నాను. హేమసుందరి రాసుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిర్వచనం కాగితం ఓసారి ఇమ్మంది.

ఆ సాయంత్రం ఒడ్డున ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం చదివి వినిపించింది. నిప్పు బయటికి కనపడితే చాలు, వ్యాను వస్తుంది. ఒక్కసారి చుట్ట తిప్పి, నిప్పు బయటికి పెట్టి, ఈ బాబు చూస్తుండగా నాలుగు దమ్ములు లాగితే చాలు. ఒక పదిమంది అయినా సరే. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కొర్లమ్మ నవ్వలేదు.

“మగోల్లాగా తాగమంతావేటమ్మా? నలుగురిలోన? మా అత్త సూసిందంటే సితిలోంచి లేచొచ్చీసి తంతాది” అంది. “సచ్చిపోతే సచ్చిపోతాను గానీ ఆ సిగ్గుమాలిన పని నాను సెయ్యను.”

ఎవరూ చెయ్యలేదు. జబ్బుకన్నా నిప్పు బయటపడటమే ఎక్కువ భయం వాళ్లకి. నేను ఆ మాటకి చిరాకుపడ్డాను. తరవాత ఆలోచిస్తే, నిర్వచనం దాటి ఒక్క టిక్కు పెట్టడానికి నాకూ అంతే భయమని తోచింది.

ఆపైవారం పురస్కార సభ పెట్టారు. ఒడ్డున టెంటు వేశారు. “పొగరహిత తీరగ్రామము” అని పెద్ద బోర్డు తయారై గుడ్డ కప్పుకుని నిలబడింది. అరవై మూడు మంది ఆడవాళ్లు ముందు వరసల్లో కూర్చున్నారు. ఊరి తరఫున బోర్డు గుడ్డ తొలగించడానికి కొర్లమ్మని ఎంపిక చేశారు. ఆ ఎంపిక నాది కాదు, విభాగానిది. ఫారాల్లో ఆమెది మొదటిది.

విశ్వంభరరావు గారు మైకు ముందు గంటసేపు మాట్లాడారు. గుల్లపేట తల్లులు ఏనాడూ పొగ ఎరుగనివారనీ, వారి అలవాట్లు రాష్ట్రమంతటికీ అనుసరణీయమనీ అన్నారు. ఆ మాట అంటుండగా ముందు వరసల మీద పొగ తెరలా లేచింది. అది చూసి ఆయన, సముద్రతీరమున ఈ వేళలో కూడా ఇంత మంచు కురియుట ఈ గ్రామపు స్వచ్ఛతకు నిదర్శనమన్నారు.

అందరికీ పొట్లాల్లో కారప్పూస పంచారు. కొర్లమ్మ చుట్ట తీసి కొంగు చాటున పట్టుకుని, మర్యాదకి రెండు పుల్లలు నోట్లో వేసుకుంది. వేసుకోగానే ఆమె మొహం నల్లబడింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. పక్కన కూర్చున్న ఆమె పట్టిన మంచినీళ్లు తాగి, అలవాటుగా చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. అప్పుడే మైకులో ఆమె పేరు పిలిచారు.

కొర్లమ్మ వేదిక ఎక్కింది. గుడ్డ తాడు పట్టుకోమని చేతికిచ్చారు. పట్టుకోలేదు. నోట్లో చెయ్యి పెట్టి చుట్ట బయటికి తీసింది. దాని నిప్పు కేసి ఒకసారి చూసింది. తలమీదికి కొంగు లాక్కుని, చుట్ట తిప్పి, నిప్పు లేని వైపు నోట్లో పెట్టుకుంది. నిప్పు బయటికి వచ్చింది. దమ్ము లాగింది. అలవాటు లేని పద్ధతి, పొలమారి దగ్గింది. దగ్గు తగ్గాక మళ్లీ లాగింది.

కొర్లమ్మ ఎవరి వంకా చూడకుండా నేల చూపులు చూస్తూ నా వైపు చుట్ట ఎత్తి పట్టుకుంది.

“కనపడతందేటి బావూ?” అంది.

కనపడుతోందన్నాను.

అప్పుడు ముందు వరసలో ఒకావిడ లేచింది. కొర్లమ్మ ఒక్కర్తే సిగ్గు పడాలేటి అంటూ తన చుట్ట తిప్పింది. ఆమె వెనకే ఇంకొకరు. తరవాత వరసలు వరసలుగా లేచారు. కొందరు నవ్వుతున్నారు, కొందరు దగ్గుతున్నారు, ఒకామె మాత్రం చుట్ట తిప్పి మొహం కొంగుతో పూర్తిగా కప్పేసుకుంది. పట్టపగలు ఆ టెంటు కింద అరవై మూడు నిప్పులు.

విశ్వంభరరావు గారు కళ్లద్దాలు తుడుచుకుని నన్ను దగ్గరికి పిలిచారు. ఆయన ముచ్చటపడి చేయించుకున్న బోర్డు పక్కనే ఉంది. దాని వంక చూడలేదు.

“వెలుగుచున్న కొన గోచరించుచున్నదా?” అని అడిగారు మెల్లగా.

“గోచరించుచున్నదండి” అన్నాను.

“అయినచో నమోదు చేయుడు. నిర్వచనము నాదే కదా” అన్నారు. అనేసి ఆ బోర్డుని తనే సముద్రం వైపుకి తిప్పి పెట్టారు. మనిషి మీద నాకు ఆ రోజు గౌరవం కలిగింది.

మూడో రోజున వ్యాను వచ్చింది. డాక్టరమ్మ అరవై మూడు నోళ్లూ చూసింది. తొమ్మిది మందికి మచ్చలున్నాయంది. కొర్లమ్మ అంగిట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. మూడు వారాలకి ఫలితం వచ్చింది. ఇంకా క్యాన్సరుగా మారలేదు, మారే దారిలో ఉంది. చుట్ట పూర్తిగా మానెయ్యాలి, మచ్చ తీసెయ్యాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. సకాలంలో వచ్చారంది డాక్టరమ్మ. హేమసుందరి వ్యాను వెనక్కి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఫారం ఇంకా మిగిలి ఉంది. ఎర్ర కార్డు వచ్చినవాళ్లకి ఇంకో ఫారం నింపాలి. అందులో “పొగ తాగిన మొత్తము కాలము” అని ఒక గడి. నిర్వచనం ప్రకారం కొర్లమ్మ సభలో పదకొండుంబావుకి పొగ తాగడం మొదలుపెట్టి, పదకొండూ పంతొమ్మిదికి చుట్ట పారేసింది. మళ్లీ ముట్టలేదు. నేను వాచీ చూసుకున్నాను కూడా. నాలుగు నిమిషాలు అని రాశాను.

జిల్లా ఆఫీసు ఆ నాలుగు నిమిషాల్ని చూసి అదిరిపోయింది. నెల తిరక్కుండా ఊరూరా గోడల మీద పోస్టర్లు పడ్డాయి. దాని మీద కొర్లమ్మ ఫొటో. కింద పెద్ద అక్షరాల్లో “కేవలము నాలుగు నిమిషముల ధూమపానము! తస్మాత్ జాగ్రత్త!” గుల్లపేటలో మాత్రం ఆ పోస్టరు చదివినవాళ్లకి ఇంకోలా అర్థమైంది. కొర్లమ్మ నలభై ఏళ్లు నిప్పు లోపల పెట్టుకుని తాగినప్పుడు ఏమీ కాలేదు, మగవాళ్లలా నాలుగు నిమిషాలు బయట పెట్టి తాగేసరికి జబ్బు వచ్చేసింది. కాబట్టి నిప్పు లోపల ఉంటేనే క్షేమం. వ్యాను వచ్చి వెళ్లాక భయంతో కొన్నాళ్లు చుట్టలు మానిన ఓ ఇరవై మంది కూడా మళ్లీ వెలిగించారు, నిప్పు లోపలికి పెట్టి.

ఈ సంగతి తెలిసి నేను సబ్ సెంటరులో తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు కొర్లమ్మ వచ్చింది. మచ్చ తీయించుకుని పది రోజులైంది, మాట ఇంకా నంగిగా ఉంది. బల్ల మీదున్న హేమసుందరి టార్చి లైటు అందుకుంది. ఎందుకని అడిగితే, ఇల్లిల్లూ తిరగడానికంది.

ఆ రోజు నుంచి కొర్లమ్మ చేపల గంప ఇంట్లో దించేసి, ఊళ్లో ప్రతి గుమ్మంలోనూ నోరు తెరిచి, టార్చి ఆ ఇంటి ఆడదాని చేతికిచ్చి చూడమనేది. ఏమీ చెప్పేది కాదు. వాళ్లు చూసేదాకా మూసేది కాదు. నెల రోజుల్లో చాలామంది చుట్టలు మానేశారు. ఎంతమంది అనే సంఖ్య నా దగ్గర లేదు. ఆ లెక్కకి ఫారం రాలేదు.

తిరగడం ముగిసిన నాడు టార్చి తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నేను ఎప్పట్లాగే ఫారాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. టార్చి నా చేతిలో పెట్టింది.

“బావూ, నీ కాయితంలోన నాలుగు నిమసాలని రాసినావు. నా నోట్లోన నలబయ్యేళ్లని రాసున్నాది” అంది. “ఏది సదువుతావో సదువు.”

అని నోరు తెరిచింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఊరి వాళ్ల గురించి రాస్తూనే ఉన్నాను గానీ, ఒక్క నోట్లోకీ తొంగిచూసిన జ్ఞాపకం లేదు నాకు. కలం పక్కన పెట్టి టార్చి వెలిగించాను.